పదో ఆకు

పోయినేడు చవితి ముందురోజు పూర్ణా మార్కెట్లో
మొల్లి చిలకమ్మ గోనెపట్టా మీద
కొండ దిగొచ్చిన ఆకుల కట్టలు.
"ఇరవయ్యొకటీ ఉన్నాయమ్మా, లెక్కెట్టుకో.
ఒక్కటి తక్కువైతే డబ్బులెనక్కిచ్చీస్తాను."
ముప్పై రూపాయలు.
లెక్కపెట్టలేదు. వాన మొదలైంది.

సింధియా బస్సులో నా ఒళ్లో అడవి వాసన.
క్వార్టర్ తలుపు తీసీ తీయగానే
సంచిలో తల దూర్చింది జీడి.
జీడిపప్పు రంగు, ఒక చెవి ఎప్పుడూ మడతే,
మల్కాపురం చేపల బజారులో
మురిక్కాలవ పక్కన దొరికిన పిల్ల.
"ఛీ, మడి!" అంది అక్క.
అంతే. ఇంకెవరం ఏమీ అనలేదు.

మర్నాడు నేల మీద పీట, పీట మీద మట్టి బొమ్మ.
అక్క పుస్తకం చూసి పేర్లు చదివింది,
నేను చేతికందిన ఆకు వేశాను.
మాచీ. బృహతీ. బిల్వ.
ఏ పేరు ఏ ఆకుదో మా ఇద్దరికీ తెలీదు.
ఆయనకి తెలుసు కదా అని.

ఉండ్రాళ్లు తిని కునుకు తీశాం.
లేచేసరికి గుమ్మంలో జీడి
నురగ కక్కుతోంది.
నన్ను చూసి తోక ఊపబోయి
మధ్యలో మర్చిపోయింది.

ఆటో. వీధికో పందిరి, పందిరికో మైకు.
కాన్వెంట్ జంక్షన్ దాటేసరికి
దాని గుండె నా అరచేతిలో
ఓసారి కొట్టి, ఆలోచించి, మళ్లీ కొడుతోంది.
డ్రైవరు ఎర్రయ్య వెనక్కి చూడకుండా
"మా మేక కూడా ఇలాగే..." అని ఆగిపోయాడు.
మిగతా వాక్యం నేను అడగలేదు.

కోరాడ డాక్టరమ్మ, పట్టుచీర మీద తెల్లకోటు.
"ఏం తింది?"
"పత్రి."
"అందులో ఏది?"
గుర్తున్నంత మట్టుకు అప్పజెప్పాను:
దత్తూర, బదరీ, అపామార్గ...
"పూజ కాదమ్మా ఇది. తెలుగులో చెప్పండి."

అక్కకి ఫోన్ చేశాను.
"ఉద్వాసన చెప్పకుండా కదపకూడదే."
రెండు ఊపిరులు.
తర్వాత ఆకుల చప్పుడు.
దేవుడి పాదాల మీంచి ఒక్కొక్కటే తీసి
వాసన చూసి చెబుతోంది.
"ఇది మామిడి. ఇది గరిక. ఈ ముళ్లది వాకుడేమో.
ఉమ్మెత్త ఉంది, కాయతో సహా ఉంది.
జిల్లేడుంది, పాలు కారుతున్నాయి.
ఇదేదో పొడుగ్గా, కత్తిలా... సగమే ఉందే.
పంటి గాట్లు."
"కరవీర" అన్నాను. "పదోది."
"గన్నేరు" అంది డాక్టరమ్మ,
అప్పటికే లేచి.

విషం గొంతులో ఆపుకున్నవాడి కొడుక్కి
గన్నేరు పెట్టొచ్చు, ఉమ్మెత్త పెట్టొచ్చు,
వాళ్లింట్లో అలవాటే.
జీడికి ఆ విద్య రాదు.
దాని నోటికందింది ఏదైనా లోపలికే,
నా చెప్పులూ, బట్టల సబ్బూ.

నల్లటి బొగ్గునీళ్లు గొట్టంతో పట్టారు.
దండెం మీద బట్టల్ని ఏడాది పొడుగునా
మసి చేసే పోర్టు బొగ్గుని తిట్టే నోటితో
ఆ రాత్రి బొగ్గుకి మొక్కుకున్నాను.
తీగలు, తెర, తెర మీద కొండలు.
యారాడ కొండలా ఒకటి, ఆ తర్వాత
చాలా దూరం ఉత్త సముద్రం, మళ్లీ ఒకటి.
నాలుగింటికి కొండలు దగ్గరపడ్డాయి.
ఆరింటికి నా చేతి మీద నల్లగా కక్కి
మడత చెవి కదిపింది.

ఈ యేడు చిలకమ్మ దగ్గర చతికిలబడి
ఒక్కో ఆకూ పట్టుకుని పేరడిగాను.
గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు తీసి పక్కన పెడితే
"ఏటమ్మా, దేవుడికి పద్దెనిమిదేనా?" అని నవ్వింది.
డబ్బులు మాత్రం తగ్గించలేదు.

లేని ఆకుకి అక్షింతలు చాలని
పుస్తకంలోనే ఉందట.
ఆ పేజీ ఇన్నాళ్లూ తిప్పేశానంది అక్క.
పీట ఇప్పుడు ఫ్రిజ్ మీద.
పక్కన ఆవకాయ జాడీ, కరెంటు బిల్లులు.
మునివేళ్ల మీద నిలబడి పూజ, మెడ నొప్పి.
కింద, పదో పేరు దగ్గర రాలిన బియ్యం గింజల్ని
పసుపుతో సహా
నాకేస్తోంది జీడి.